మరమ్మతు మంగళవారం

ప్యాచ్ విడుదలైన రోజుకూ దాన్ని ఇంటి కంప్యూటర్‌లో వేసుకున్న రోజుకూ మధ్య ఉండే ఎడంలోనే అసలు ప్రమాదం పొంచి ఉంది. రీస్టార్ట్‌ను 'తర్వాత చూద్దాం' అనుకునే ఇళ్లు ఆ ఎడాన్ని పెంచుతున్నాయి

ప్రతి నెలా రెండో మంగళవారం. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10 గంటలవుతుంది. అప్పుడు భారత్‌లో రాత్రి 10.30, చలికాలమైతే 11.30. ఆ వేళకు మైక్రోసాఫ్ట్ తన విండోస్‌లోనూ ఇతర సాఫ్ట్‌వేర్లలోనూ బయటపడిన లోపాల చిట్టా విప్పుతుంది. కొన్ని నెలల్లో అది వంద దాటుతుంది. ఒక్కో లోపానికీ ఒక నంబరు, దాని తీవ్రత ఎంతో చెప్పే ఒక మాట, దాన్ని పూడ్చే ప్యాచ్. ఒకటి రెండు రోజుల్లో ఆ ప్యాచ్‌లు గుంటూరులో పడకగది బల్ల మీదున్న కంప్యూటర్‌కూ, గువాహటిలో హాస్టల్ కుర్రాడి ల్యాప్‌టాప్‌కూ వచ్చి కూర్చుంటాయి. తెర అడుగున చిన్న గుర్తు కనిపిస్తుంది: అప్‌డేట్లు సిద్ధం, రీస్టార్ట్ చేయండి.

అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టు సగంలో ఉంటుంది. ఇంటాయన ఆదాయపన్ను రిటర్ను నింపుతుంటారు. అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు ఇంకో ఐదు నిమిషాల్లో మొదలు. చేయి తనంతట తానే 'తర్వాత గుర్తు చేయి' మీదికి వెళ్తుంది. ఆ తర్వాత అనేది రేపు కావచ్చు, వచ్చే నెల కావచ్చు, ఎప్పటికీ కాకపోవచ్చు.

ఆ రాత్రే అదే చిట్టాను మరికొందరు కూడా శ్రద్ధగా చదువుతారు. ప్యాచ్ అంటే లోపాన్ని పూడ్చేది మాత్రమే కాదు, లోపం ఎక్కడుందో చూపించేది కూడా. పాత ఫైలును, ప్యాచ్ వేశాక వచ్చిన కొత్త ఫైలును పక్కపక్కన పెట్టి తేడా చూస్తే గోడలో ఏ ఇటుక దగ్గర కన్నం ఉండేదో తెలిసిపోతుంది. ఆ పోలిక చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. అందుకే ఈ రంగంలోని వారు రెండో మంగళవారాన్ని 'ప్యాచ్ ట్యూస్‌డే' అని పిలిస్తే, మర్నాటికి 'ఎక్స్‌ప్లాయిట్ వెన్స్‌డే' అని పేరు పెట్టారు. ఎక్స్‌ప్లాయిట్ అంటే కన్నంలో దూరే పనిముట్టు.

చాలామంది ఆలోచించని విషయం ఇదే. ప్యాచ్ వచ్చాక కూడా దాన్ని వేసుకోని కంప్యూటర్ నిన్న ఉన్న చోటే ఉండదు, నిన్నటికన్నా ఎక్కువ ప్రమాదంలో పడుతుంది. నిన్నటిదాకా ఆ కన్నం సంగతి ఏ నలుగురికో తెలుసు. ఇప్పుడు లోకానికంతా తెలుసు. అప్‌డేట్ అంటే ఫోన్‌లో కొత్త ఎమోజీలు వచ్చినట్లు ఏవో అదనపు హంగులనీ, అక్కర్లేని వాళ్లు మానేయవచ్చనీ అనుకోవడం వల్లే ఇన్ని వాయిదాలు. హంగుల కోసం వచ్చే అప్‌డేట్లూ ఉంటాయి, నిజమే. రెండో మంగళవారం వచ్చేవి మాత్రం ఆ కోవలోవి కావు.

26 రోజులు, 17 రోజులు, 59 రోజులు

ఈ మాటకు రుజువు కోసం పెద్దగా వెతకనక్కర్లేదు. 2003 జులై 16న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఓ తీవ్రమైన లోపానికి ప్యాచ్ విడుదల చేసింది. చైనాకు చెందిన ఎక్స్‌ఫోకస్ అనే బృందం ఆ ప్యాచ్‌ను విప్పి చూసి లోపం ఎలా పనిచేస్తుందో కనిపెట్టింది. ఆగస్టు 11న బ్లాస్టర్ అనే వర్మ్ ప్రపంచం మీద పడింది. మధ్యలో ఉన్నది 26 రోజులు. దానికి ఏ మెయిలూ తెరవనక్కర్లేదు, ఏ లింకూ నొక్కనక్కర్లేదు. ప్యాచ్ లేని విండోస్ ఎక్స్‌పీ లేదా 2000 కంప్యూటర్ ఇంటర్నెట్‌కు తగులుకుంటే చాలు. తెర మీద ఒక పెట్టె ప్రత్యక్షమై 60 నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టేది. సున్నాకు రాగానే కంప్యూటర్ దానంతటదే ఆగిపోయి మళ్లీ మొదలయ్యేది. ఆ వర్మ్ రాసినవాడు లోపల బిల్ గేట్స్‌ను ఉద్దేశించి డబ్బు సంపాదన ఆపి సాఫ్ట్‌వేర్ బాగుచేసుకోమని సలహా కూడా దాచిపెట్టాడు. సోకిన కంప్యూటర్లన్నీ ఆగస్టు 16న ఏకంగా ప్యాచ్‌లిచ్చే మైక్రోసాఫ్ట్ వెబ్ చిరునామా మీదే దండెత్తేలా ఏర్పాటు చేయడం మరో వెక్కిరింత. ఆస్పత్రి ద్వారానికే అడ్డంగా పడుకోవడం లాంటిది అది.

ఆ ఏడాది జనవరిలో వచ్చిన స్లామర్ వర్మ్ కథ ఇంకా విచిత్రం. దాన్ని ఆపగల ప్యాచ్ ఆరు నెలల ముందే, 2002 జులైలోనే వచ్చి ఉంది. అయినా దాని బారిన పడదగిన సర్వర్లలో దాదాపు 90 శాతానికి అది పది నిమిషాల్లో సోకింది. నెలకో రోజు ఖాయం చేసి ప్యాచ్‌లు విడుదల చేసే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్‌లోనే మొదలుపెట్టింది. ఎప్పుడు పడితే అప్పుడు వచ్చిపడే ప్యాచ్‌లతో వేగలేకపోతున్నామన్న కంపెనీల సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లకు అది ఊరట. దాడి చేసేవాళ్లకూ ఓ క్యాలెండర్ దొరికింది.

2004లో సాసర్ వంతు. ఏప్రిల్ 13న ప్యాచ్, ఏప్రిల్ 30న వర్మ్. ఈసారి ఎడం 17 రోజులే. బ్రిటన్ తీర రక్షక కేంద్రాల్లో కంప్యూటర్ మ్యాపులు మొరాయించడంతో సిబ్బంది కాగితాలూ పెన్నులూ తీయాల్సి వచ్చింది. దాన్ని తయారుచేసినందుకు మే నెలలో జర్మనీలో అరెస్టయినది ఏ మాఫియా ముఠావాడో కాదు, మీసాలు సరిగా రాని ఓ విద్యార్థి.

సగటు ఇంటి కంప్యూటర్‌కు అప్పట్లో ఎంత గడ్డుకాలమో ఒక్క లెక్క చెబుతుంది. రక్షణ లేని విండోస్ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు తగిలిస్తే ఎంతసేపటికి దాడికి గురవుతుందో అమెరికాలోని శాన్స్ సంస్థ నడిపే ఇంటర్నెట్ స్టార్మ్ సెంటర్ కొలిచేది. 2004 ఆగస్టు నాటికి ఆ సగటు దాదాపు 20 నిమిషాలకు పడిపోయింది. అదే నెలలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 విడుదల చేసింది. ఫైర్‌వాల్ దానంతటదే ఆన్‌లో ఉండేలా చేసిన ఆ పూర్తి ప్యాకేజీ పరిమాణం దాదాపు 270 ఎంబీ. 56 కేబీపీఎస్ డయలప్ లైను ఒక్కసారి కూడా తెగకుండా, పూర్తి వేగంతో నడిచినా అది దిగడానికి పది గంటలు దాటుతుంది. టెలిఫోన్ మీటరు తిరుగుతూనే ఉంటుంది. అంటే రక్షణ కవచం తెచ్చుకోవడానికి నెట్‌లోకి వెళ్తే, అది వచ్చేలోపే ముప్పై సార్లు దెబ్బ తినే అవకాశం.

భారతీయ మధ్యతరగతి అప్‌డేట్‌ను శత్రువుగా చూడటం ఆ రోజుల్లోనే అలవాటైంది. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక కూడా చౌక ప్లాన్లలో నెలవారీ డౌన్‌లోడ్‌కు పరిమితి ఉండేది. అది దాటితే ఎంబీకి ఇంత అని బిల్లు. రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా ఎంతైనా దింపుకోవచ్చన్న ప్లాన్ కోసం అలారం పెట్టుకుని లేచిన తరం ఇంకా ఉంది. ఆ అలారం ఎక్కువగా సినిమాల కోసం మోగేదన్నది వేరే విషయం. కంప్యూటర్ అసెంబుల్ చేసి ఇచ్చిన కుర్రాడు వెళ్లేముందు చేసే ఆఖరి పుణ్యకార్యం ఆటోమేటిక్ అప్‌డేట్లను ఆపేయడమే. "సార్, ఇది ఆన్‌లో ఉంటే నెట్ స్లో అవుద్ది" అన్న మాట అప్పట్లో శాస్త్రవాక్యం. నెలంతా వాడుకోవడానికి ఒకటిన్నర జీబీ కూడా దొరకని ఆ రోజులు పోయాయి. శాస్త్రవాక్యం మిగిలింది.

దానికి అసలైన మూల్యం 2017లో తెలిసింది. ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ఏర్పాటులోని లోపానికి ప్యాచ్ ఇచ్చింది. ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే అజ్ఞాత ముఠా ఆ లోపంలో దూరే పనిముట్టును బహిరంగంగా పెట్టేసింది. అది అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్ఎస్ఏ తన గూఢచర్యానికి తయారుచేసుకున్నదని భావిస్తారు. మే 12న వానాక్రై వచ్చింది. 59 రోజులు. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో చెల్లించమనీ, మూడు రోజులు దాటితే రెట్టింపనీ ఎర్రటి పెట్టెలో హెచ్చరిక. 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కుకున్నాయి. బ్రిటన్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో దాదాపు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అక్కడి ఆడిట్ కార్యాలయం తర్వాత అంచనా వేసింది. ఇది పెద్ద నైపుణ్యమేమీ లేని దాడి అనీ, మామూలు జాగ్రత్తలతో ఆపగలిగేవారనీ కూడా తేల్చింది.

మన దగ్గరా ఆ సెగ తగిలింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయాల్లో మరికొన్ని, కేరళలో పంచాయతీ ఆఫీసుల్లోవి, పశ్చిమ బెంగాల్‌లో విద్యుత్ పంపిణీ సంస్థవి తాళాలు పడి కనిపించాయి. ఎప్పుడో మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ హడావిడిగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. తీరా లెక్కలు తీస్తే దెబ్బతిన్నవాటిలో అత్యధికం ఎక్స్‌పీ కాదు, విండోస్ 7. అంటే రెండు నెలలుగా ప్యాచ్ గుమ్మంలో నిలబడి ఉన్నా తలుపు తీయనివన్న మాట. బ్రిటన్‌లో ఓ 22 ఏళ్ల పరిశోధకుడు ఆ వర్మ్‌లో కనిపించిన వెబ్ చిరునామాను తన పేర రిజిస్టర్ చేయించగానే అది వ్యాపించడం ఆగిపోయింది. అది అదృష్టం. మళ్లీ మళ్లీ దొరికేది కాదు.

దిక్కులేని యంత్రం

ఆఫీసులో ఈ పని చూడటానికి ఓ విభాగం ఉంటుంది. ఉద్యోగి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అది రాత్రికి రాత్రి అప్‌డేట్లు తోసేస్తుంది. ఇంట్లో? తండ్రి కొన్నాడు, కొడుకు వాడాడు, ఇప్పుడు కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు. ఆ పాత ల్యాప్‌టాప్‌తో తల్లిదండ్రులు వారానికోసారి మనవళ్ల మొహాలు చూస్తారు, దాని మీదే కరెంటు బిల్లు కడతారు, పెన్షన్ ఖాతా చూసుకుంటారు. దానికి యజమానులు ముగ్గురు, అడ్మినిస్ట్రేటర్ ఒక్కడూ లేడు. తెర మీద ఏదైనా కొత్త పెట్టె వస్తే పెద్దాయన చేసే మొదటి పని భయపడటం, రెండోది ఇంటూ గుర్తు నొక్కడం. ఆయన్ను తప్పుపట్టలేం. తెలియనిది ఏదీ నొక్కొద్దని చెప్పింది కొడుకే.

ఇక రెండో కారణం అపనమ్మకం. ఇది పూర్తిగా నిరాధారం కూడా కాదు. విండోస్ 10కు 2018 అక్టోబర్‌లో వచ్చిన పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లనూ ఫొటోలనూ చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని రోజుల వ్యవధిలో వెనక్కి తీసుకుంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా దాడి ఉక్రెయిన్‌లోని ఓ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోనే దాక్కుని వచ్చింది. మెర్స్క్ షిప్పింగ్ సంస్థ ద్వారా అది ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులోని ఓ టెర్మినల్ దాకా పాకింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒకే ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో కూలబడ్డాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఓ ప్రయాణికుడి చేతికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాస్ వచ్చింది. ఆ ఫొటోను దేశమంతా చూసింది.

అయితే ఈ మూడింటిలో ఏదీ నెలవారీ విండోస్ భద్రతా ప్యాచ్ కాదు. మొదటిది హంగులతో కూడిన పెద్ద అప్‌డేట్, మిగతా రెండూ వేరే సంస్థలవి. పైగా క్రౌడ్‌స్ట్రైక్ సరుకు కంపెనీలు కొనేది, ఇళ్లలో దాదాపు ఉండదు. నెలవారీ ప్యాచ్ వల్ల ప్రింటర్ మొరాయించిన ఉదంతాలు, కంప్యూటర్ మొదలవకుండా సతాయించినవీ లేకపోలేదు. కాకపోతే వాటికి మందు ఉంది. ప్యాచ్‌ను తీసేయవచ్చు, మైక్రోసాఫ్ట్ దిద్దుబాటు ఇస్తుంది. తాళం పడిన పెళ్లి ఫొటోలకు ఆ హామీ లేదు. అపనమ్మకం మరీ పీడిస్తుంటే విండోస్ సెట్టింగ్స్‌లో వారం రోజులు వాయిదా వేసే వీలుంది. ఆ వారంలో ప్యాచ్ బాగోగులు తేలిపోతాయి. వారానికీ ఆర్నెల్లకూ తేడా ఉంది.

మూడో కారణం గురించి ఎవరూ బయటకు మాట్లాడరు. అది దొంగ కాపీ. డబ్బు కట్టని విండోస్‌కు అప్‌డేట్ పెడితే ఎక్కడ పట్టుబడతామోనన్న భయంతో దాన్ని మూసిపెట్టే ఇళ్లకు కొదవలేదు. 2005లో మైక్రోసాఫ్ట్ అసలు, నకిలీ కాపీలను గుర్తించే పద్ధతి తెచ్చినప్పుడు కూడా ఆటోమేటిక్ అప్‌డేట్ల ద్వారా వచ్చే కీలక భద్రతా ప్యాచ్‌లను నకిలీలకు ఆపలేదు. దాతృత్వమేమీ కాదు. సోకిన నకిలీ కంప్యూటర్ పక్కింటి అసలు కంప్యూటర్ మీద దాడి చేస్తుందని ఆ సంస్థకు తెలుసు. అసలు బెడద వేరే ఉంది. లైసెన్సు తాళం విరగ్గొట్టడానికి నెట్‌లో దొరికే క్రాక్ ఫైళ్లతో పాటే రాన్సమ్‌వేర్ వచ్చిపడుతుంది. ఇంటి కంప్యూటర్లను ఎక్కువగా పీడించిన స్టాప్ అనే రాన్సమ్‌వేర్ కుటుంబం ప్రధానంగా ఆ దారినే వచ్చింది. అలా చేజేతులా లోపలికి పిలిస్తే ఏ ప్యాచ్ కూడా ఆపలేదు.

ఈ విషయాలు సామాన్యుడికి చెప్పాల్సిన ప్రభుత్వ సంస్థ ఉంది. 2004లో ఏర్పాటైన సెర్ట్-ఇన్ క్రమం తప్పకుండా హెచ్చరికలు ఇస్తుంది. అవి లోపాల నంబర్లతో, వెర్షన్ల జాబితాలతో ఇంజినీర్లు చదువుకోవడానికి తగినట్లుంటాయి తప్ప, డల్లాస్ కొడుకు తండ్రికి చెప్పే భాషలో ఉండవు. అదే సంస్థ 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కంప్యూటర్లలో చేరిన బాట్లను ఏరిపారేసే ఉపకరణాలను ఉచితంగా ఇస్తుంది. ఆ సంగతి తెలిసినవారు ఎందరన్నది అడగకపోవడమే మర్యాద.

నడిచే బస్సుకు టైరు

ఇంతకీ రీస్టార్ట్ ఎందుకు? నడుస్తున్న బస్సుకు టైరు మార్చలేం కాబట్టి. విండోస్ పనిచేస్తున్నంతసేపూ దాని కీలకమైన ఫైళ్లు వాడుకలోనే ఉంటాయి. వాటి స్థానంలో కొత్తవి పెట్టాలంటే యంత్రం ఒకసారి ఆగి మొదలవ్వాలి. ప్యాచ్ డౌన్‌లోడ్ అయినంత మాత్రాన కన్నం పూడదు. మందు కొని అల్మారాలో పెట్టుకున్నట్లే. ఇక్కడే మరో తిరకాసు ఉంది. ల్యాప్‌టాప్ మూత మూసేయడమే ఆఫ్ చేయడం అనుకునేవారు చాలామంది. మూత మూస్తే అది నిద్రపోతుందంతే. విండోస్ 8 నుంచి మామూలు షట్‌డౌన్ కూడా పూర్తి విరామం కాదు. త్వరగా తెరుచుకోవడం కోసం విండోస్ తన కీలక భాగపు స్థితిని డిస్కులో దాచుకుని మర్నాడు అక్కడి నుంచే అందుకుంటుంది. పూర్తిగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్ నొక్కినప్పుడే. అప్‌డేట్ ఎదురుచూస్తుంటే పవర్ మెనూలో 'అప్‌డేట్ అండ్ రీస్టార్ట్' అన్న మాటే కనిపిస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు నొక్కవలసింది దాన్నే.

మెనూ అక్షరాలు మారుతున్నంతసేపూ, శాతం లెక్క నడుస్తున్నంతసేపూ కరెంటు పోకూడదు. పోతే సాధారణంగా విండోస్ పాత స్థితికి వెళ్లడానికి ప్రయత్నిస్తుంది గానీ ప్రతిసారీ నెగ్గుతుందన్న పూచీ లేదు. కోతలున్న ఊళ్లలో డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉంటేనే ఈ పనికి దిగాలి. ల్యాప్‌టాప్‌కు చార్జర్ తగిలించి ఉంచాలి. ముఖ్యమైన ఫైళ్ల నకలు వేరే డిస్కులో ఉండాలి, అదీ పని అయ్యాక కంప్యూటర్ నుంచి ఊడదీసిన డిస్కు. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే ఇళ్లలో ఆ కనెక్షన్‌ను 'మీటర్డ్' అని గుర్తు పెట్టుకునే వీలుంది. అప్పుడు పెద్ద అప్‌డేట్లు డేటాను మింగవు. ఆ వెసులుబాటు పెట్టుకుని మరిచిపోతే మాత్రం భద్రతా ప్యాచ్‌లు కూడా ఆలస్యమయ్యే ప్రమాదముంది. నెలకోసారి వైఫై ఉన్న చోటుకు తీసుకెళ్లాలి.

మూడు నెలలుగా ఏమీ వేయలేదని కంగారు పడేవారికి ఓ శుభవార్త. విండోస్ 10 నుంచి నెలవారీ ప్యాచ్‌లన్నీ పోగుపడి ఒకే మూటగా వస్తున్నాయి. తాజాది ఒక్కటి వేస్తే పాతవన్నీ అందులోనే ఉంటాయి. నెలాఖరులో 'ప్రివ్యూ' అని వచ్చేవి మాత్రం ఇష్టమైతేనే. అవి భద్రత కోసం కాదు, వచ్చే నెల సరుకుకు రుచి చూపించడానికి. ఇంటి కంప్యూటర్‌కు వాటి అవసరం లేదు.

అప్‌డేట్ పేరు చెప్పి జరిగే మోసం మరొకటి ఉంది. వెబ్ బ్రౌజర్‌లో ఏదో పేజీ చూస్తుండగా తెర నిండా హెచ్చరిక వస్తుంది, సైరన్ మోగుతుంది, ఫలానా నంబరుకు ఫోన్ చేయమంటుంది. విండోస్ ఎప్పుడూ ఫోన్ నంబరు ఇవ్వదు. అప్‌డేట్ బ్రౌజర్‌లోంచి రాదు, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే వస్తుంది. ఇలాంటి నకిలీ సహాయ కేంద్రాల్లో చాలావాటి ఆచూకీ మన దేశంలోనే తేలడం సిగ్గుపడాల్సిన విషయం. 2023 అక్టోబర్‌లో సీబీఐ 'ఆపరేషన్ చక్ర-2' పేరుతో 76 చోట్ల సోదాలు జరిపినప్పుడు దర్యాప్తులో ఉన్న కేసుల్లో కొన్ని మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థల ఫిర్యాదులతో నమోదైనవే. విదేశీ వృద్ధుల మీద సాధన చేసిన విద్య స్వదేశీ వృద్ధుల మీద పనిచేయదన్న నమ్మకమేమీ లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

గడువు తీరిన 10

వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న 2025 అక్టోబర్ 14న వచ్చిపడింది. ఆ రోజుతో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. అంటే మరమ్మతు మంగళవారాలు ఆగిపోయాయి. కంప్యూటర్ మాత్రం ఆగదు. మర్నాడూ యథాప్రకారం మొదలవుతుంది, పాటలు పాడుతుంది, బ్యాంకు పేజీ తెరుస్తుంది. చిక్కంతా అక్కడే. విండోస్ 11లో కొత్త లోపం దొరికి ప్యాచ్ వచ్చినప్పుడల్లా, అదే లోపం 10లోనూ ఉందేమో చూసే వాళ్లుంటారు. రెండింటి పునాదీ చాలావరకు ఒకటే. 11కు ఇచ్చిన మందు చీటీ 10 రోగాన్ని బయటపెడుతుంది.

ఎక్స్‌పీ అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. దాని గడువు 2014 ఏప్రిల్ 8న తీరింది. నాలుగేళ్ల తర్వాత, 2018 జూన్‌లో కూడా ఏటీఎంలలో ఎక్స్‌పీని వదిలించుకోమని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు సర్క్యులర్ పంపాల్సి వచ్చింది. జనం డబ్బు పంచే యంత్రాల గతే అదైతే ఇళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

11కు మారిపోవచ్చు కదా అంటే అందరికీ కుదరదు. మైక్రోసాఫ్ట్ దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటును తప్పనిసరి చేసింది. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే అనుమతి ఉంది. 2016లోనో 2017లోనో కొన్న చాలా యంత్రాలు చక్కగా పనిచేస్తున్నా ఈ పరీక్షలో తప్పుతాయి. భద్రత కోసమే ఈ నియమమన్న మైక్రోసాఫ్ట్ వాదనలో నిజం ఉంది. భద్రత పేరుతో బాగున్న యంత్రాన్ని అటకెక్కించి కొత్తది కొనిపించడం ఉందన్న విమర్శలోనూ నిజం ఉంది. నెలకు కొంత దాచి పిల్లల చదువుకు ల్యాప్‌టాప్ కొన్న కుటుంబానికి రెండో నిజమే ఎక్కువ బరువు. హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదువుకున్న సత్య నాదెళ్ల 2024 మేలో మైక్రోసాఫ్ట్ ఉద్యోగులకు రాసిన లేఖలో, భద్రతకూ మరోదానికీ పోటీ వస్తే భద్రతనే ఎంచుకోమన్నారు. 2002 జనవరిలో బిల్ గేట్స్ రాసిన ప్రసిద్ధ లేఖ సారాంశమూ అదే. 22 ఏళ్ల తేడాతో ఒకే మాట మళ్లీ రాయాల్సి వచ్చిందంటే అది ఎంత కష్టమైన పనో ఊహించుకోవచ్చు.

ఇప్పటికిప్పుడు కొత్తది కొనలేని వారికి మైక్రోసాఫ్ట్ ఓ దారి చూపింది. అదనపు భద్రతా అప్‌డేట్లను, అంటే ఈఎస్‌యూను, ఇళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామని 2025లో ప్రకటించింది. అందుకు 30 డాలర్ల రుసుము కట్టాలి, లేదా ఆ సంస్థ రివార్డ్స్ పాయింట్లు వెయ్యి ఇవ్వాలి, లేదా సెట్టింగ్స్‌ను తన క్లౌడ్‌లో దాచుకోవడానికి ఒప్పుకోవాలి. మూడో దారిలో చేతి డబ్బు పోదు. మైక్రోసాఫ్ట్ ఖాతా మాత్రం తప్పనిసరి, విండోస్ 10 కూడా 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి. ఏ వెర్షనో తెలుసుకోవడానికి స్టార్ట్ మెనూలో 'విన్‌వెర్' అని ఆరు ఇంగ్లిష్ అక్షరాలు కొడితే చాలు. యూరప్ ఆర్థిక ప్రాంతంలోని దేశాల వారికి అక్కడి వినియోగదారుల సంఘాల ఒత్తిడితో షరతులు సడలించి ఉచితంగా ఇచ్చారు. మన దగ్గర అలా అడిగిన గొంతు పెద్దగా వినిపించలేదు.

పరీక్షలో తప్పిన యంత్రానికి లినక్స్ మరో దారి. ఉబుంటు, మింట్ లాంటివి ఉచితం. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తాయి, వాటికీ భద్రతా ప్యాచ్‌లు క్రమంగా వస్తాయి. బ్రౌజర్, ఈమెయిల్, వీడియో కాల్, ఉత్తరాలు రాసుకోవడం, ఇవే పనులైతే పెద్దవాళ్లకు ఓ వారంలో అలవాటవుతుంది. ట్యాలీ మీద లెక్కలు రాసేవారికీ, డిజిటల్ సంతకం పరికరంతో జీఎస్టీ రిటర్నులు వేసేవారికీ అంత సులువు కాదు. వాళ్లు కొత్త యంత్రం ఖర్చును వ్యాపారపు ఖర్చులోనే వేసుకోవాలి.

ఏ దారీ పట్టకుండా పాత విండోస్ 10నే నడిపేవారు యాంటీవైరస్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. డిఫెండర్‌కు కొత్త వైరస్‌ల జాబితాలను 2028 అక్టోబర్ దాకా పంపుతామని మైక్రోసాఫ్ట్ చెప్పిన మాట వాస్తవమే. కానీ ఆ జాబితా తెలిసిన దొంగల ఫొటోలున్న ఆల్బమ్ లాంటిది. మొహం కొత్తదైతే పట్టుకోలేదు, గోడలో కన్నాన్ని అసలే పూడ్చలేదు. అలాంటి కంప్యూటర్‌ను ఉంచుకోవాలంటే నెట్ కేబుల్ పీకేసి, వైఫై ఆపేసి, పాత ఫొటోలు చూసుకోవడానికీ పాటలు వినడానికీ వాడుకోవచ్చు. బ్యాంకు పాస్‌వర్డు మాత్రం దాని మీద కొట్టకూడదు.